లారీ టర్బో ఇంజన్ హెడ్ గ్యాస్కెట్: డ్రైవర్లు, ఓనర్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

కడపలో లారీ ఇంజన్ల పని చేస్తాను. శివరాత్రి దాటి ఎండలు ముదిరాయంటే మా షెడ్డులో ఎప్పుడు చూసినా ఒకటి రెండు ఇంజన్ల హెడ్లు దిగి ఉంటాయి. ఎర్రగుంట్ల సిమెంటు, మంగంపేట ముగ్గురాయి, బేతంచెర్ల బండలు వేసుకొని ఘాట్లు ఎక్కే బండ్లే ఎక్కువ. ఫోన్లోనూ ఎదురుగానూ అందరూ అడిగేవి అవే సందేహాలు కాబట్టి ఇలా ఒకచోట రాసిపెట్టాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. అందువల్ల కొన్ని మాటలు రెండుసార్లు కనిపిస్తాయి.

## గ్యాస్కెట్టేనా, ఇంకేమైనానా

అన్నా, అసలు ఈ హెడ్ గ్యాస్కెట్ చేసే పనేంది?

బ్లాకుకూ (సిలిండర్లు ఉండే కింది భాగం) హెడ్డుకూ (వాటి మీద మూతలా కూర్చునే పై భాగం) మధ్య కూర్చొని మూడింటిని ఒకదానితో ఒకటి కలవకుండా ఆపుతుంది: సిలిండర్లో మండే గ్యాసు, చుట్టూ తిరిగే నీళ్లు, పైకి వెళ్లే ఆయిలు. లారీ టైరులో గాలి 7, 8 బార్లు ఉంటుంది. లోడు మీదున్న టర్బో (పొగ తోపుతో తిరిగి ఇంజన్లోకి గాలి నెట్టే పంకా) డీజిల్ సిలిండర్లో మంట లేచిన క్షణాన 100 బార్లు దాటుతుంది. సిలిండర్ల మధ్య వేలెడంత జాగా కూడా ఉండదు. ఆ జాగాలో ఇంత ఒత్తిడిని ఆపేది ఒక పలుచటి రేకు, దాన్ని నొక్కి పట్టే బోల్టుల బిగువు. హెడ్ వెంట్రుకవాసి వంగినా, బోల్టులు కాస్త సడలినా గ్యాసు దారి వెతుక్కుంటుంది.

రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేస్తే బుడగలు వస్తున్నాయి. గ్యాస్కెట్ పోయినట్టేనా?

పోయి ఉండొచ్చు. కానీ లారీల్లో ఒక మెలిక ఉంది. ఎయిర్ బ్రేకుల కంప్రెసర్ చాలా బండ్లలో ఇంజన్ నీళ్లతోనే చల్లబడుతుంది. దాని హెడ్ పగిలినా, దాని చిన్న గ్యాస్కెట్ పోయినా గాలి నేరుగా నీళ్లలోకి వస్తుంది. రేడియేటర్లో అచ్చం ఇవే బుడగలు కనిపిస్తాయి.

ఈ పని మొదలుపెట్టిన కొత్తలో ఇది తెలియక నేను ఒక బండి హెడ్ దింపేశాను. ఫేసింగ్ కొట్టించి (అంటే హెడ్ అడుగును సమంగా చెక్కించి), కొత్త గ్యాస్కెట్ వేసి స్టార్ట్ చేస్తే బుడగలు మళ్లీ వచ్చాయి. కంప్రెసర్‌కు పోయే నీళ్ల పైపులు తప్పించగానే ఆగిపోయాయి. ఆ ఓనరుకు మూడు రోజుల బాడుగ పోయింది. గ్యాస్కెట్ డబ్బులు నేనే పెట్టుకున్నాను. అప్పటి నుంచి కంప్రెసర్‌ను పరీక్షించకుండా ఏ బండి హెడ్డూ విప్పలేదు.

పరీక్ష కష్టమేమీ కాదు. ఇంజన్ బాగా చల్లారాక నీళ్లు అంచు దాకా నింపి, మూత తీసి స్టార్ట్ చేయండి. ఎయిర్ ట్యాంకులు నిండి కంప్రెసర్ లోడు దిగగానే బుడగలు తగ్గాయంటే కంప్రెసర్‌నే అనుమానించాలి. ఖాయం చేసుకోవాలంటే కంప్రెసర్ నీళ్ల పైపులు విప్పి, ఇంజన్ వైపు రెండు నోళ్లనూ ఒక పైపుతో కలిపి నాలుగైదు నిమిషాలు నడిపి చూడండి. అప్పుడూ బుడగలు ఆగకపోతే హెడ్ వైపు చూడాలి.

నీళ్లు తగ్గుతున్నాయి, కింద మాత్రం ఒక్క చుక్క కనపడదు. యాడికి పోతున్నాయి?

మూడు దారులున్నాయి. సిలిండర్లోకి పోతే పొద్దున స్టార్ట్ చేసినప్పుడు సైలెన్సర్లో తెల్లటి ఆవిరి వస్తుంది, కూలెంట్ వేసి ఉంటే తియ్యటి వాసన వేస్తుంది. చలికి వచ్చే తెల్లపొగ వేరు. అది పచ్చి డీజిల్ వాసన కొట్టి కళ్లు మండిస్తుంది, ఇంజన్ వేడెక్కగానే పోతుంది. రెండో దారి ఆయిల్లోకి. డిప్ స్టిక్ మీద, ఆయిల్ పోసే మూత లోపల పాలు కలిపిన చాయ్ రంగు కనిపిస్తుంది. మూడోది ఈజీఆర్ కూలర్, అంటే ఇంజన్లోకి తిరిగి పంపే పొగను నీళ్లతో చల్లార్చే భాగం. 2017 తర్వాత వచ్చిన బీఎస్4 బండ్లలోనూ, 2020 తర్వాతి బీఎస్6 బండ్లలోనూ ఈజీఆర్ ఉంటే ముందు ఆ కూలర్‌ను ప్రెజర్ పెట్టి చూడండి. అది లీకైనా నీళ్లు ఇదే తీరుగా సైలెన్సర్ దారిన పోతాయి.

రేడియేటర్లో ఆయిల్ తేలుతోంది, ఇంజన్ ఆయిల్ మాత్రం శుభ్రంగా ఉంది.

ముందు ఆయిల్ కూలర్ విప్పించండి. బండి నడిచేటప్పుడు ఆయిల్ ఒత్తిడి నీళ్ల ఒత్తిడి కంటే ఎక్కువ, కాబట్టి కూలర్లో చిల్లు పడితే ఆయిలే నీళ్లలోకి పోతుంది. హెడ్ దింపడంతో పోలిస్తే అది చిన్న పని.

ఏ సిలిండర్ దగ్గర పోయిందో విప్పకముందే తెలుస్తుందా?

పాత మెకానికల్ పంపు ఇంజనైతే స్లో స్పీడులో ఒక్కో నాజిల్ పైపు నట్టు వదులు చేసి చూస్తాం. ఏ సిలిండర్‌ది వదులు చేస్తే ఇంజన్ శబ్దం మారదో అది పని చేయడం లేదని అర్థం. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లు అలా దొరికితే వాటి నడుమ గ్యాస్కెట్ కాలిందని దాదాపు ఖాయం.

కామన్ రైల్ ఇంజన్ (అన్ని నాజిళ్లకూ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందేది) మీద ఈ పని చచ్చినా చేయకండి. ఆ పైపుల్లో డీజిల్ 1,600 బార్ల దాకా ఉంటుంది, కొన్నింట్లో ఇంకా ఎక్కువ. వెంట్రుకంత చీలిక నుంచి చిమ్మినా చర్మాన్ని కోసుకొని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది, లోపల చెయ్యి కుళ్లుతుంది. అలా తగిలితే నొప్పి లేకపోయినా వెంటనే ఆస్పత్రికి పోవాలి. ఈ ఇంజన్లకు స్కానర్‌తో సిలిండర్ కటాఫ్ పరీక్ష చేస్తారు.

## దారిలో హీటెక్కినప్పుడు

ఘాట్లో హీట్ మీటర్ ముల్లు ఎర్రగీత తాకింది. ఇంజన్ ఆపాలా, నడవనీయాలా?

నీళ్లున్నాయా లేవా అన్నదే ముఖ్యం. నీళ్లుండి, లోడు వల్ల హీటెక్కితే బండి పక్కకు తీసి, స్లో స్పీడులో 3 నుంచి 5 నిమిషాలు తిరగనివ్వండి. ఫ్యాను, పంపు తిరుగుతూ వేడిని లాగేస్తాయి, టర్బో కూడా చల్లబడుతుంది. పైపు తెగో, కింద కారో నీళ్లు పోయి ఉంటే మాత్రం ఆ క్షణమే ఆపేయండి.

రాయచోటి వైపు ఘాట్ ఎక్కి గువ్వలచెరువు కోవా అంగళ్ల దగ్గర ఆపిన డ్రైవర్లు చేసే పొరపాటు ఒకటి చాలాసార్లు కళ్లారా చూశాను. దిగీ దిగగానే ఒకరు మూత తిప్పుతారు, ఇంకొకరు బిందెడు చల్లనీళ్లు తెచ్చి ఇంజన్ మీద కుమ్మరిస్తారు. మూత తీస్తే ఉడుకునీళ్లు మొహాన కొడతాయి. చల్లనీళ్లు పడితే ఎర్రగా కాగిన ఇనుప హెడ్ వాల్వు సీట్ల మధ్య చిట్లుతుంది. గ్యాస్కెట్‌తో పోయేది హెడ్ దాకా వస్తుంది. రేడియేటర్ పై పైపును చేత్తో పట్టుకోగలిగేంత చల్లారే వరకు ఆగండి, అరగంట పట్టినా సరే. ఆ తర్వాత గుడ్డ వేసి మూత మెల్లగా వదిలి, నీళ్లు కొంచెం కొంచెం పోయండి.

గ్యాస్కెట్ పోయిందని తెలిసింది. నీళ్లు పోసుకుంటూ లోడు దించి వస్తే?

వద్దు. రాత్రంతా నిలబెట్టిన బండిలో సిలిండర్లోకి నీళ్లు దిగి ఉంటే పొద్దున సెల్ఫ్ కొట్టగానే పిస్టన్ ఆ నీళ్లను నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. సెల్ఫ్ ఒక్కసారి "టక్" మని ఆగిపోతే రెండోసారి కొట్టకండి. నాజిళ్లు తీసి, ఇంజన్ చేత్తో తిప్పి నీళ్లు బయటికి పంపాలి. ఆయిల్లో నీళ్లు కలిసిన బండిని నడిపితే బేరింగులు పోతాయి.

## విప్పేటప్పుడు

ఎన్ని రోజులు పడుతుంది? ఖర్చు దేనికి ఎంత?

హెడ్ దింపి ఎక్కించడం రెండు రోజుల పని. మధ్యలో లేత్ షాపు వాళ్లకు ఖాళీ లేకపోతే ఇంకో రోజు. ఖర్చు బండిని బట్టి మారుతుంది కాబట్టి అంకె చెప్పను. గ్యాస్కెట్ సెట్టు, హెడ్ బోల్టులు, ఫేసింగ్, క్రాక్ టెస్టు (పగుళ్ల పరీక్ష), ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, కూలి... ఇవి విడివిడిగా రాసిచ్చిన మెకానిక్‌తో పని చేయించుకోండి. "మొత్తం ఇంత" అని ఒకే మాట చెప్పేచోట క్రాక్ టెస్టు ఎగిరిపోతుంది.

ఇంజన్ వేడిగా ఉండగానే విప్పితే తొందరగా అవుతుంది కదా?

వేడి మీద బోల్టులు వదిలితే బాగున్న హెడ్ కూడా వంగుతుంది. పూర్తిగా చల్లారాలి. బోల్టులు అంచుల నుంచి నడిమికి, ఒక్కసారి కాకుండా రెండు మూడు విడతల్లో వదలాలి.

విప్పిన సామాన్లలో దేనికి ఎక్కువ జాగ్రత్త?

పుష్ రాడ్లకు (వాల్వులను కదిలించే కడ్డీలు), టర్బోకు. రాడ్లు ఏ చోటివి ఆ చోటికే తిరిగి పోవాలి. మేము అట్టపెట్టె మూతకు పన్నెండు చిల్లులు పొడిచి, నంబర్లు వేసి, వరసలో గుచ్చుతాం. టర్బో నోళ్లకు, ఆయిల్ పైపులకు, నాజిల్ పైపులకు శుభ్రమైన మూతలు పెట్టాలి. లోపల ఒక చిన్న నట్టు పడి ఉన్నా స్టార్ట్ చేసిన నిమిషానికే టర్బో రెక్కలు ముక్కలవుతాయి. ఆరు సిలిండర్ల ఇనుప హెడ్డును చేతులతో ఎత్తొద్దు, చెయిన్ బ్లాక్ వాడండి. ఒకవైపు జారితే గైడ్ పిన్నులు, వేళ్లు రెండూ పోతాయి.

పాత గ్యాస్కెట్ చూసి ఏం తెలుసుకోవచ్చు?

సగం కథ అదే చెబుతుంది. కడుక్కోక ముందే, వెలుతురులో పెట్టి చూడండి. రెండు సిలిండర్ల రింగుల మధ్య నల్లటి మసిగీత ఉంటే గ్యాసు అటూ ఇటూ పోయింది. రింగు నుంచి నీళ్ల రంధ్రం వైపు గీత పోతే రేడియేటర్లోకి కొట్టింది. గ్యాస్కెట్ అంతా ఒకేలా పెళుసెక్కి రేకు నీలంగా మారితే విపరీతమైన వేడి చూసింది. ఎక్కడా నొక్కుడు అచ్చు పడకపోతే అక్కడ బిగువు లేదని అర్థం.

పిస్టన్లూ చూడండి. అయిదు పిస్టన్ల తలలు నల్లగా మసిబారి ఉండి ఒక్కటి మాత్రం తోమిన గిన్నెలా మెరుస్తుంటే, నీళ్లు పోయింది ఆ సిలిండర్లోకే. ఆవిరి దాన్ని కడిగేసింది. మెరిసే పిస్టన్ పైన హెడ్ భాగాన్ని లేత్ వాళ్లకు చాక్‌పీసుతో గీసి చూపించండి. పగులు దొరికితే ఎక్కువగా అక్కడే దొరుకుతుంది.

## లేత్ షాపులో

హెడ్ చూస్తే బాగానే ఉంది. ఫేసింగ్ కొట్టించాల్సిందేనా?

కంటికి కాదు, కొలతకు బాగుండాలి. శుభ్రం చేసిన హెడ్ మీద స్ట్రెయిట్ ఎడ్జ్ నిలువుగా, అడ్డంగా, ఐమూలగా పెట్టి కింద ఫీలర్ గేజ్ దూర్చి చూస్తాం. ఎంత వంపు దాకా ఊరుకోవచ్చో ఆ ఇంజన్ మాన్యువల్ చెబుతుంది. చాలా ఇంజన్లకు అది మిల్లీమీటర్లో పదో వంతు లోపే. వంపు లేకపోతే ఊరకే చెక్కించకండి. చెక్కిన కొద్దీ వాల్వులు, నాజిల్ మొన పిస్టన్‌కు దగ్గరవుతాయి. చెక్కితే వాల్వు లోతు, నాజిల్ మొన ఎంత బయటికొచ్చిందో మళ్లీ కొలవాలి. ఎంత మందం గ్యాస్కెట్ వేయాలన్నది పిస్టన్ బ్లాకు పైకి ఎంత లేస్తుందో డయల్ గేజ్‌తో కొలిచి తేల్చుకోవాలి. చాలా గ్యాస్కెట్ల అంచున ఉండే గాట్లు, చిల్లులు ఆ మందం గుర్తులే.

క్రాక్ టెస్టు మానేస్తే కొంత డబ్బు మిగులుతుంది కదన్నా?

హీటెక్కిన బండికి మానొద్దు. అయస్కాంతంతో ఇనుపపొడి చల్లి చూస్తే పైపగుళ్లు తెలుస్తాయి. నీళ్ల దారులు మూసి, గాలి ఒత్తిడి పెట్టి ఉడుకునీళ్లలో ముంచితే లోపలి పగుళ్లు, నాజిల్ స్లీవుల లీకులు తెలుస్తాయి. చల్లటి హెడ్డులో మూసుకుపోయే పగులు వేడిలోనే తెరుచుకుంటుంది. అందుకే ఉడుకునీళ్లని పట్టుబట్టి అడగండి.

హెడ్ సంగతి సరే, బ్లాకు కూడా చూడాలా?

తప్పకుండా. వెట్ లైనర్ ఇంజనైతే (సిలిండర్ గొట్టం, అంటే లైనర్ చుట్టూ నేరుగా నీళ్లు తిరిగేది) లైనర్ అంచు బ్లాకు కంటే ఎంత పైకి ఉందో ప్రతి సిలిండర్‌కు నాలుగు వైపులా కొలవాలి. ఒక లైనర్ కిందికి కూర్చుంటే అక్కడ గ్యాస్కెట్ మీద నొక్కుడు ఉండదు. ఎన్ని కొత్త గ్యాస్కెట్లు వేసినా అదే చోట పోతుంది.

## బిగించేటప్పుడు

బ్లాకు పైభాగం బఫింగ్ చక్రంతో రుద్దితే అద్దంలా వస్తుంది. రుద్దొచ్చా?

వద్దు. చక్రం నుంచి రాలే పొడి గరుకు రాయిపొడి లాంటిది. ఆయిల్ దారుల్లోకి దిగితే బేరింగులను కొన్ని గంటల్లో తినేస్తుంది. పైగా చక్రం ఆగినచోట గుంట పడుతుంది. స్క్రేపర్‌తో ఓపికగా గీకి, సిలిండర్లకు, రంధ్రాలకు గుడ్డలు కుక్కి, చివర ఆయిల్ రాయి తేలిగ్గా తిప్పితే చాలు.

బోల్టు రంధ్రాల్లో ఆయిల్ ఉంటే ఏమవుతుంది?

అడుగు మూసి ఉన్న రంధ్రంలో ఆయిలో నీళ్లో నిలిస్తే బోల్టు దిగేకొద్దీ వాటికి పోయే దారి ఉండదు. టార్క్ రెంచ్ (బిగువు కొలిచే పానా) "కట్" మంటుంది, హెడ్ మాత్రం నొక్కుకోదు. గట్టిగా తిప్పితే బ్లాకే పగులుతుంది. ట్యాప్‌తో మరలు శుభ్రం చేసి, సన్నటి పైపుతో గాలి కొట్టి, అడుగున టార్చి వేసి చూడండి.

గ్యాస్కెట్‌కు షెల్లాక్, గమ్ము పూస్తే ఇంకా గట్టిగా పట్టదా?

పట్టదు. గ్యాస్కెట్ తయారుచేసినవాళ్లు పూయమని రాసి ఉంటే తప్ప పొడిగా, శుభ్రంగా పెట్టాలి. పొరల స్టీలు గ్యాస్కెట్‌కు గమ్ము పూస్తే మందం ఎక్కడిదక్కడ మారుతుంది.

పాత బోల్టులే వాడొచ్చా? ఎంత టార్క్ పెట్టాలి?

డిగ్రీలు తిప్పి బిగించే బోల్టులు ప్రతిసారీ కొంత సాగుతాయి. మాన్యువల్‌లో చెప్పిన పొడవు దాటితే, మెడ దగ్గర సన్నబడితే, తుప్పు గుంటలుంటే మార్చాలి. కొన్ని ఇంజన్లకు ప్రతిసారీ కొత్తవే వేయాలి.

టార్క్ ఇంజన్ ఇంజన్‌కూ వేరు. ఒక ఉదాహరణ: మన లారీల్లో చాలాకాలంగా తిరుగుతున్న కమిన్స్ 6బీటీ, 5.9 లీటర్ల మెకానికల్ పంపు ఇంజన్‌కు 26 హెడ్ బోల్టులు. నడిమి నుంచి అంచులకు, చెప్పిన వరసలో అన్నీ 90 న్యూటన్ మీటర్లకు, తర్వాత పొడవు బోల్టులు మాత్రం 120కి, చివర అన్నింటినీ ఇంకో 90 డిగ్రీలు. ట్యాపెట్ల సందు (వాల్వు దగ్గర వదిలే ఖాళీ) చల్లటి ఇంజన్ మీద ఇన్లెట్ 0.25, ఎగ్జాస్ట్ 0.51 మిల్లీమీటర్లు. ఈ అంకెలు వేరే ఇంజన్‌కు వాడకండి.

మరలకూ బోల్టు తల కిందికీ ఇంజన్ ఆయిల్ రాయాలి. ఎండు బోల్టు రాపిడికే టార్క్ చూపిస్తుంది. మా షెడ్డులో డిగ్రీలు తిప్పే ముందు ప్రతి బోల్టు తల మీద తెల్ల రంగుతో గీత పెడతాం. తిప్పాక గీతలన్నీ ఒకే వైపు పడుకోవాలి. ఆ పని మొదలుపెట్టిన మనిషే ముగించాలి, మధ్యలో ఫోను ఎత్తకూడదు.

## మొదటి స్టార్ట్, మొదటి ట్రిప్పు

అన్నీ బిగించాం. సెల్ఫ్ కొట్టేద్దామా?

ముందు ఆయిల్, ఫిల్టర్ మార్చండి. నీళ్లు కలిసిన ఆయిల్ అయితే కొద్ది కిలోమీటర్లకే ఇంకోసారి మార్చాలి. ఇంటర్‌కూలర్‌లో, గాలి పైపుల్లో చేరిన ఆయిల్ తుడవండి. టర్బో ఆయిల్ నోట్లో కాస్త ఆయిల్ పోసి, డీజిల్ ఆపి ఉంచి, ఆయిల్ ప్రెజర్ చూపించే వరకు కొంచెం కొంచెంగా సెల్ఫ్ తిప్పండి. నీళ్లు నిదానంగా, గాలి బయటికి పోయే నట్టులు వదులు చేసి నింపాలి. హెడ్డులో గాలి నిలిచిపోతే ముల్లు మామూలుగానే చూపిస్తుంది, హెడ్ మాత్రం కాలిపోతుంటుంది.

నడిచాక మళ్లీ హెడ్ టైట్ చేయాలంటారు, నిజమేనా?

పాతరకం మెత్త గ్యాస్కెట్లకు నిజమే. డిగ్రీలు తిప్పి బిగించే స్టీలు గ్యాస్కెట్లకు మాన్యువల్ చెబితే తప్ప ముట్టుకోకూడదు.

మొదటి ట్రిప్పే ఘాట్ లోడు ఉంది. పోవచ్చా?

ఒక్కరోజు ఆగండి. ఖాళీ బండితో హైవే మీద ఇరవై, ముప్పై కిలోమీటర్లు తిప్పి, చల్లారాక నీళ్లు, ఆయిల్ చూసి, తర్వాత లోడు ఎక్కించండి.

## మళ్లీ పోకుండా

బోరునీళ్లు పోస్తే ఏమవుతుంది? మా ఊర్లో ఇంకో నీళ్లు లేవు.

ఈ ఒక్క మాట మన జిల్లాల డ్రైవర్లందరికీ చేరాలని నా ఆశ. అనంతపురం, కడప, కర్నూలు పల్లెల్లో చాలా బోర్లవి ఉప్పునీళ్లు. కాచిన గిన్నె అడుగున తెల్లగా ఏం పేరుకుంటుందో అదే హెడ్ లోపల, లైనర్ చుట్టూ, రేడియేటర్ గొట్టాల్లో పేరుకుంటుంది. నీళ్లు ఆవిరైపోతాయి, సున్నం పోదు. పోసిన ప్రతిసారీ ఇంకో పొర. సున్నం వేడిని దాటనివ్వదు కాబట్టి ముల్లు సగంలోనే ఉన్నా వాల్వు సీట్ల దగ్గర ఇనుము మాడుతూ ఉంటుంది. నేను విప్పిన హెడ్లలో నీళ్ల రంధ్రాలు చిటికెనవేలు పట్టాల్సినవి అగ్గిపుల్ల కూడా దూరనంతగా మూసుకుపోయినవి ఉన్నాయి.

డీమినరలైజ్డ్ నీళ్లు, కూలెంట్ సగం సగం కలిపి పోయండి, లేదా కలిపి అమ్మే కూలెంటే పోయండి. దారిలో గత్యంతరం లేకపోతే ఆర్వో ప్లాంటు క్యాను నీళ్లు బోరునీళ్ల కంటే నయం. కానీ కూలెంట్ లేకుండా వాటితోనే నడిపితే తుప్పు పడుతుంది. క్యాబిన్లో అయిదు లీటర్ల కూలెంట్ డబ్బా ఒకటి ఎప్పుడూ పెట్టుకోండి.

థర్మోస్టాట్ తీసేస్తే ఇంజన్ చల్లగా ఉంటుందని ఒకాయన తీసేశాడు. మంచిదేనా?

మళ్లీ పెట్టించండి. చాలా ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకుంటూ బైపాస్ దారిని మూస్తుంది. అది లేకపోతే ఉడుకునీళ్లు రేడియేటర్‌కు పోకుండా ఇంజన్లోనే తిరుగుతాయి.

రేడియేటర్ మూత ఏదో ఒకటి వేస్తే చాలదా?

చాలదు. ఒత్తిడి ఉంటేనే నీళ్లు ఆలస్యంగా మరుగుతాయి. సుమారు ఒక బార్ మూతతో మామూలు నీళ్లు కూడా 120 డిగ్రీల దాకా మరగవు. స్ప్రింగు సడలిన మూత పెడితే 100 దగ్గరే మరిగి పొంగుతాయి.

పికప్ కోసం డీజిల్ పంపు తిప్పించాను. దానికీ గ్యాస్కెట్‌కూ సంబంధం ఉందా?

ఉంది. డీజిల్ ఎక్కువ పోయించి, దాని మీద ఓవర్‌లోడు వేస్తే సిలిండర్ ఒత్తిడి, సైలెన్సర్ వేడి రెండూ పెరుగుతాయి. ఎక్కుడులో నల్లపొగ కక్కే బండి తన హెడ్డును తానే కాల్చుకుంటోంది. పంపును మళ్లీ క్యాలిబ్రేషన్ చేయించండి.

కొత్త గ్యాస్కెట్ వేసి మూడు నెలలే అయింది, మళ్లీ పోయింది. మెకానిక్ తప్పేనా?

రెండు గ్యాస్కెట్లను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. రెండూ ఒకేచోట పోయి ఉంటే అక్కడ హెడ్ వంపో, లైనర్ కూర్చోవడమో, బోల్టు మర సడలడమో ఉంది. బిగించేటప్పుడు కొలవాల్సింది కొలవలేదు. వేర్వేరు చోట్ల పోయి, రెండోది వేడికి నీలంగా మారి ఉంటే రేడియేటర్, ఫ్యాన్ క్లచ్, వాటర్ పంపు, పోసిన నీళ్లు చూడాలి. అందుకే పాత గ్యాస్కెట్ పాతసామాన్ల వాడికి వేయకండి. మేము దాని మీద బండి నంబరు, తేదీ, కిలోమీటర్లు రాసి షెడ్డు గోడకు మేకు కొట్టి తగిలిస్తాం. ఆ బండి మళ్లీ వస్తే ముందు ఆ గోడ దగ్గరికే పోతాం.